కంప్యూటరుకు ఆదేశాలిచ్చు అధికారి

రేవుపాలెంలోని ప్రాంతీయ సూక్ష్మజీవి పరిశోధన కేంద్రానికి కొత్త యంత్రం వచ్చిన రోజున పూజ దివ్యంగా జరిగింది. యంత్రానికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, చామంతి దండ వేశారు. దండలోంచి రెండు రేకులు రాలి లోపలికి పోతే, వాటిని తీయడానికి బెంగళూరు నుంచి ఇంజనీరు విమానమెక్కి రావలసి వచ్చింది. శుభకార్యమన్నాక ఇలాంటివి ఎవరూ పట్టించుకోరు.

అది రోగక్రిముల జాతకం చదివే యంత్రం. ఏ కలరా క్రిమినో దాని నోట్లో వేస్తే, ఆ క్రిమి ఒంట్లో రాసి ఉన్న రాతనంతా మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదివి, పక్కనున్న పెద్ద కంప్యూటరులో కుప్ప పోస్తుంది. చదవడం వరకే దాని పని. ఈ క్రిమీ ఆ క్రిమీ ఒక తల్లి పిల్లలా, దూరపు చుట్టాలా, అసలు ముఖపరిచయమే లేనివా అన్నది తేల్చాలంటే కంప్యూటరులో వేరే సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకోవాలి. ఆ పని కోసం డాక్టర్ ఎస్తేరును కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆవిడ ఎక్కడెక్కడో చదివి, ఆఖరికి సొంత జిల్లాకే వచ్చింది. ముప్పై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ నవ్వదు.

ఆ కేంద్రానికి పరిపాలనాధికారి కొచ్చెర్ల పేర్రాజు. అందరూ ఏవోగారంటారు. పేర్రాజు చెడ్డవాడు కాదు. ఒకరి దగ్గర కాఫీ కూడా తాగి ఎరగడు. రూల్సు పుస్తకాలు ఆయనకు కంఠతా వచ్చు, వాటికి వచ్చిన సవరణలు కూడా వచ్చు. ఒకసారి తన సెలవు చీటీలో తానే తేదీ తప్పు రాసి, తనకు తానే మెమో ఇచ్చుకుని, సంజాయిషీ రాసుకుని, అది తృప్తికరంగా లేదని తిరస్కరించుకున్న మనిషి. అలాంటివాడు ఇతరుల విషయంలో చూసీ చూడనట్టు పోతాడని అనుకోవడానికి వీల్లేదు.

ఒక ఉదయం ఆయన కంప్యూటరు మీద స్టాకు నంబరు సరిగ్గా రాశారో లేదో చూసుకుందామని ఆ గదిలోకి వెళ్ళాడు. ఎస్తేరు నల్లటి తెర ముందు కూర్చుని ఉంది. తెర మీద ఒక మూల తెల్లటి గీత మిణుకు మిణుకుమంటోంది.

"ఏమ్మా, ఇంకా బొమ్మలేవీ రాలేదేవిటి?" అన్నాడు పేర్రాజు.

"ఈ పనికి బొమ్మలుండవండి. కమాండ్లు ఇవ్వాలి."

"ఎవరు ఇవ్వాలి?"

"నేనేనండి."

"ఎవరికి?"

"కంప్యూటరుకి."

పేర్రాజు ఒక్క క్షణం ఆ కంప్యూటరును చూశాడు. దాని నడుమున స్టాకు నంబరు తెల్లరంగుతో రాసి ఉంది. తరవాత ఎస్తేరును చూశాడు. ఆవిడ మెడలో గుర్తింపుకార్డు మీద 'తాత్కాలికం' అని ఎర్రరంగులో రాసి ఉంది.

"మీరు కాస్త చేతులు తీసేయండమ్మా," అన్నాడు మర్యాదగా. "ఫైలు పెడతాను."

ఆ సాయంత్రానికి నోటు తయారైంది. "కమాండు అనగా ఆదేశము. ఆదేశము జారీచేయు అధికారము గెజిటెడ్ హోదాకు తక్కువ కాని అధికారికి మాత్రమే కలదు. సదరు కంప్యూటరు స్టాకు రిజిస్టరునందు శాశ్వత ప్రాతిపదికన నమోదు కాబడినది. డాక్టర్ ఎస్తేరు గారు తాత్కాలిక ప్రాతిపదికన నియమితులు. తాత్కాలికులు శాశ్వతులకు ఆదేశములిచ్చుట సర్వీసు నిబంధనలకు విరుద్ధమని భావిస్తూ, తమ ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది."

డైరెక్టర్ డాక్టర్ మార్తాండరావు గారు ఆ నోటును రెండుసార్లు చదివారు. ఆయనకు పదవీ విరమణ దగ్గర పడింది, పొడిగింపు మీద ఆశ ఉంది. అందుచేత ఏ కాగితమూ తన బల్ల మీద ఆగకూడదు, ఏ కాగితమూ తన మాట మీద కదలకూడదు అన్న రెండు సూత్రాలతో రోజులు నెట్టుకొస్తున్నారు.

"పాయింటు మంచిదేనయ్యా," అన్నారు. "అయితే మరి ఇచ్చేదెవరు?"

"గెజిటెడ్ వారం మనమిద్దరమే కదండీ."

"నాకు మెడనొప్పి," అన్నారు డైరెక్టరు గారు.

అలా కొచ్చెర్ల పేర్రాజును 'కంప్యూటరుకు ఆదేశములు జారీచేయు అధికారి, పూర్తి అదనపు బాధ్యతలు' అని నియమిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఎస్తేరు కావలసిన కమాండును తెల్లకాగితం మీద రాసి, ఎందుకు కావాలో వివరిస్తూ అర్జీ పెట్టుకోవాలి. పేర్రాజు పరిశీలించి, డైరెక్టరు గారు చూసినట్టు సంతకం చేశాక, స్వహస్తాలతో టైపు చేస్తాడు.

"నా లాప్‌టాపులో కొంతవరకు చేసి చూపిస్తానండి," అంది ఎస్తేరు.

"ప్రభుత్వ క్రిమిని ప్రైవేటు కంప్యూటరులో పెడతారా?" అన్నాడు పేర్రాజు. ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే భయపడ్డాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట ఆడపిల్లల హాస్టల్లో నలుగురు పడ్డారు. తరవాత సముద్రపొడ్డున జాలారిపేటలో ఇంటికొకరు పడ్డారు. ప్రజల్లో కలవరం కలుగుతోందని మునిసిపాలిటీ వారు వెంటనే చర్య తీసుకున్నారు. హాస్టలు గేటు ముందు చల్ల అమ్ముకునే మంగాయమ్మ బండిని స్వాధీనం చేసుకున్నారు.

ఆ మంగాయమ్మే మధ్యాహ్నం పూట పరిశోధన కేంద్రం గేటు దగ్గరకూ వచ్చేది. ఇంత అల్లం, ఇంత కరివేపాకు నలిపి వేసి, మట్టికుండలోంచి గ్లాసులో వంపేది. పేర్రాజు డబ్బిచ్చి పుచ్చుకునే విలాసం అదొక్కటే. ఆ రోజు ఆవిడ ఒట్టి చేతులతో వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"నా బండి ఎత్తుకుపోయేరండి బాబుగారూ. నా చల్ల తాగే పిల్లలకి రోగం తగిలిందంటన్నారండి. తవరు రోజూ తాగుతారు కదండి, తవరికేవైనా అయ్యిందాండి?"

"నాకేం కాలేదమ్మా."

"అదే చెప్పండి బాబూ వాళ్ళకి."

"నాకేం కాలేదన్నది నా వ్యక్తిగత విషయం, మంగాయమ్మా. దాన్ని ఆఫీసు తరఫున చెప్పడానికి లేదు. ఇదిగో, ఈ గదిలో యంత్రం ఉంది. అది తేలుస్తుంది."

"ఎప్పుడు తేలుస్తాదండి?"

"ప్రక్రియలో ఉంది," అన్నాడు పేర్రాజు.

మంగాయమ్మకు ఆ మాట అర్థం కాలేదు. కానీ ఏదో జరుగుతోందన్న ధైర్యం వచ్చి, "ఆయ్" అని లేచి వెళ్ళింది.

జరుగుతున్న మాట నిజమే. హాస్టలు పిల్లల నమూనాలు, జాలారిపేట నమూనాలు, మంగాయమ్మ కుండ అడుగున మిగిలిన చల్ల అన్నీ కేంద్రానికి వచ్చాయి. ఎస్తేరు తనంత తానుగా వెళ్ళి ఊరి మంచినీళ్ళ ట్యాంకు కొళాయి దగ్గర ఒక సీసా నీళ్ళు కూడా పట్టుకొచ్చింది. అందులోనూ క్రిమి కనపడింది. ఆ సంగతి కలెక్టరాఫీసు సమావేశంలో చెబితే మునిసిపల్ ఇంజనీరు గారు ఏమాత్రం తొణకలేదు.

"ట్యాంకులో క్రిమి ఉంటే ఉండొచ్చునండి, కాదనను. కానీ అది ఈ క్రిమేనని రుజువేది? మా క్రిమి వేరు, రోగుల క్రిమి వేరు. రెండూ ఒకటేనని రాసివ్వండి, ఈ క్షణమే ట్యాంకు మూసేస్తాను."

న్యాయంగా చూస్తే ఆయన మాట కొట్టేయడానికి లేదు. యంత్రం క్రిములన్నిటినీ చదివేసింది. రుజువంతా కంప్యూటరులోనే పడి ఉంది. దాని చేత మాట్లాడించడమే మిగిలింది.

పేర్రాజు మొదటి ఆదేశం జారీచేసిన రోజున డైరెక్టరు గారు కూడా వచ్చి కూర్చున్నారు. పేర్రాజు చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొట్టాడు. కమాండు పూర్తయ్యాక అలవాటు కొద్దీ 'తగు చర్య నిమిత్తం' అని కూడా చేర్చాడు. అలాంటి కమాండు తనకు తెలియదంది కంప్యూటరు. ఆ మూడు మాటలూ తీసేసి మళ్ళీ కొట్టాడు. ఈసారి తెర మీద రెండు మాటలు వచ్చాయి.

"ఏవంటోంది?" అన్నారు డైరెక్టరు గారు.

"అనుమతి నిరాకరించడమైనది అంటోందండి," అంది ఎస్తేరు.

ముప్పై ఏళ్ళ సర్వీసులో పేర్రాజు ఎన్నో నిరాకరణలు చూశాడు. అవన్నీ పైనుంచి కిందికి వచ్చినవే. స్టాకు రిజిస్టరులో ఉన్న వస్తువు అధికారికి అనుమతి నిరాకరించడం ఆయన ఎరగడు. అవిధేయత కింద సంజాయిషీ అడగవచ్చునా అని మనసులో రూల్సు తిరగేశాడు. కుర్చీలకూ బీరువాలకూ వర్తించే నిబంధనలే కనిపించాయి.

"ఇందులో తప్పేం లేదండి," అంది ఎస్తేరు. "సాఫ్ట్‌వేరు ఎక్కించాలంటే మామూలు యూజరుకి అధికారం ఉండదు. సూపర్ యూజరయితేనే ఒప్పుకుంటుంది."

డైరెక్టరు గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "సూపర్ యూజరా? నాకంటే పైనా?"

"కంప్యూటరు వరకు పైనేనండి. పాస్‌వర్డు తెలిసినవాళ్ళెవరైనా..."

"ఎవరైనా కాదు," అన్నారు డైరెక్టరు గారు. "పైన ఎవరో ఉన్నారు. వారెవరో తెలుసుకోకుండా మనం ముందుకెళితే రేపు వారికి కోపం వస్తుంది."

రాజధానిలోని ప్రధాన కార్యాలయానికి లేఖ వెళ్ళింది: 'ఈ కేంద్రమునకు సూపర్ యూజరు ఎవరో తెలియజేయగలరు.' అక్కడ ఆ ప్రశ్న నాలుగు విభాగాలు తిరిగింది. ఎవరికి వారే తాము కావచ్చునని కొంతకాలం ఆశపడ్డారు. చివరికి కమిషనరు గారే హోదా రీత్యా సూపర్ యూజరని తీర్మానమైంది. పాస్‌వర్డు రిజిస్టరు పోస్టులో వచ్చింది. లక్కముద్ర వేసిన కవరు మీద 'పరమ గోప్యం. ఎట్టి పరిస్థితులలోను ఎవరూ తెరవరాదు' అని రాసి ఉంది.

"తెరవకపోతే ఎలాగండీ?" అంది ఎస్తేరు.

"తెరవరాదని స్పష్టంగా ఉంది కదమ్మా," అన్నాడు పేర్రాజు.

ఆయన ఒక పూటంతా ఆ కవరును బల్ల మీద పెట్టుకుని ఆలోచించాడు. భోజనానంతరం దాన్ని పట్టుకెళ్ళి కిటికీ అద్దానికి ఆనించాడు. ఎండ గట్టిగా ఉంది, కాగితం పల్చగా ఉంది. అక్షరాలు కనపడ్డాయి. 'కవరు తెరువబడలేదు. ఎండకు పెట్టబడినది' అని ఫైలులో రాసుకుని, ఎస్తేరును పిలిచాడు. ఆవిడ మొదటిసారిగా ఆయనను కొంచెం గౌరవంగా చూసింది. పేర్రాజుకు అది బాగానే అనిపించింది.

రెండో ఆదేశానికి కంప్యూటరు లొంగింది. వరసగా పేర్లు కురిపించింది.

"ఇవన్నీ ఎవరు?" అన్నాడు పేర్రాజు.

"డిపెండెన్సీలండి. మనకి కావలసిన సాఫ్ట్‌వేరు ఒక్కటే, కానీ అది వీటి మీద ఆధారపడి ఉంటుంది. ఇవి లేనిదే అది రాదు."

"అంటే వీళ్ళు డిపెండెంట్లా, అదే డిపెండెంటా?"

"ఒక రకంగా..." అని ఎస్తేరు ఆగిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆవిడకు అప్పుడే తెలిసిపోయింది.

పేర్రాజుకు డిపెండెంట్ల రూల్సు అన్నిటికంటే బాగా వచ్చు. ఉద్యోగి చనిపోతే ఎవరికి ఉద్యోగం ఇవ్వాలి, జబ్బు చేస్తే ఎవరి మందుల బిల్లు చెల్లుతుంది అన్నీ ఆయన చేతి మీదుగా నడిచినవే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తహసీల్దారు దగ్గర నుంచి రావాలి. పైగా ఇద్దరికి మించి సంతానం ఉంటే కొన్ని వర్తించవు. తెర మీద చూస్తే నూరుకు తక్కువ లేరు.

"ఇంత సంసారం ఉన్నదాన్ని మన ప్రభుత్వం ఎలా తీసుకుంటుందమ్మా?" అన్నాడు దిగులుగా.

తహసీల్దారు గారు ఒక రోజు విచారించి, సదరు సాఫ్ట్‌వేరు తమ మండలంలో నివాసం లేదని, కనుక ఇవ్వజాలమని రాశారు. నివాసం లేనివారికి కుటుంబ నియంత్రణ నిబంధన వర్తించదని పేర్రాజు దాని మీదే నోటు కట్టి, చిక్కు విడదీశాడు. ఆయన రూల్సుతో వేసిన ముడిని రూల్సుతోనే విప్పేవాడు. అది కూడా ఒక విద్యే. కాకపోతే ఆ విద్యకు రోజులు పడతాయి.

తరవాత వచ్చింది వేరు కాపురం గొడవ. ఆ డిపెండెంట్లలో కొన్నిటికి పాత సామాను కావాలి, కొన్నిటికి కొత్తది కావాలి. అన్నిటినీ ఒకే ఇంట్లో పెడితే ఒకదాని గొంతు ఒకటి పట్టుకుంటుంది. అందుకని విడిగా ఒక ఎన్విరాన్‌మెంటు సృష్టించాలని ఎస్తేరు అర్జీలో రాసింది. డైరెక్టరు గారు ఆ మాట కింద ఎర్రగీత గీసి, 'ఎన్విరాన్‌మెంటు విషయమై కాలుష్య నియంత్రణ వారి అభ్యంతరం లేదని పత్రం పొందవలెను' అని రాశారు.

"సార్, అది చెట్లూ గాలీ ఎన్విరాన్‌మెంటు కాదండి," అంది ఎస్తేరు ఆయన గదిలోకి వెళ్ళి.

"నాకు తెలుసమ్మా," అన్నారు డైరెక్టరు గారు నెమ్మదిగా. "నాకు తెలుసని రేపు ఆడిటు వాళ్ళకు తెలియదు."

ఆ పత్రమూ వచ్చింది. కాలుష్య నియంత్రణ వారు తమ పరిధిలో లేని విషయం కనుక అభ్యంతరం లేదని, కానీ చుట్టూ పది మొక్కలు నాటవలెనని షరతు పెట్టారు. మొక్కలు నాటారు. కంప్యూటరు గదిలో కుండీలు పెట్టడం కుదరదని ఎస్తేరు గట్టిగా చెప్పడంతో వరండాలో పెట్టి, 'చుట్టూ' అన్న మాటకు విశాలార్థం తీసుకున్నారు.

అప్పటికి హాస్టలు సగం ఖాళీ అయింది. జాలారిపేటలో ఒక ముసలాయన పోయాడు. మంగాయమ్మ రోజూ వచ్చి మెట్ల మీద కూర్చుని వెళుతోంది.

వేరు కాపురానికి ఆదేశం జారీ అయ్యాక కంప్యూటరు కాసేపు ఆలోచించి, ఏమేమి తెస్తుందో, అందుకు ఎంత జాగా పడుతుందో చెప్పి, అడుగున ఒక ప్రశ్న వేసింది.

"ముందుకు వెళ్ళమంటారా అని అడుగుతోందండి," అంది ఎస్తేరు. "వై కొడితే అవునని, ఎన్ కొడితే కాదని. వై కొట్టేయండి."

పేర్రాజు వేలు గాలిలో నిలిచిపోయింది.

ఆయనకు అవునని రాయడం తెలియదు. కాదని రాయడమూ తెలియదు. ప్రభుత్వంలో ఎవరికీ తెలియదు. 'పరిశీలించవచ్చును' అని రాస్తారు, 'చర్చించండి' అని రాస్తారు, 'నిబంధనల మేరకు' అని రాస్తారు. మరీ తప్పనిసరైతే 'చూచితిని' అని రాస్తారు. ఒక ప్రశ్నకు అవునని ఒంటరిగా, కింద ఏ రూలూ పెట్టకుండా జవాబివ్వడం ఆయన కలలో కూడా చేయలేదు.

'పరిశీలనలో ఉన్నది' అని కొట్టాడు. కంప్యూటరు అదే ప్రశ్న మళ్ళీ వేసింది. 'పై అధికారులకు నివేదించడమైనది' అని కొట్టాడు. మళ్ళీ అదే ప్రశ్న.

"దీనికి మర్యాద తెలియదు," అన్నాడు పేర్రాజు.

డైరెక్టరు గారికి ఫైలు పెడితే 'చర్చించండి' అని వచ్చింది. చర్చకు వెళితే ఆయనకు మెడనొప్పి ఎక్కువగా ఉంది. ప్రధాన కార్యాలయానికి రాస్తే, ఈసారి చిత్రంగా రెండు రోజుల్లోనే జవాబు వచ్చింది: 'విషయం యొక్క ప్రాముఖ్యత దృష్ట్యా, అన్ని అంశములను పరిగణించి, నిబంధనలకు లోబడి, తమ స్థాయిలోనే అవును లేక కాదు అను తగు నిర్ణయము తీసుకొని, తదుపరి ఆమోదము నిమిత్తం ముందుగా ఈ కార్యాలయమునకు పంపవలెను.' పేర్రాజు ఆ వాక్యాన్ని మెచ్చుకున్నాడు. ఎటు నుంచి పట్టుకున్నా చేతికి అంటదు. అలాంటిది రాయాలంటే అనుభవం కావాలి.

కంప్యూటరు ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఎవరూ తాకకుండా కీబోర్డు మీద గాజుపెట్టె బోర్లించారు.

ఆ మర్నాడు నమూనాల రసీదు మీద సంతకం కావాలని పేర్రాజు పెద్దాసుపత్రికి వెళ్ళాడు. సంతకం పెట్టవలసిన డాక్టరు వార్డులో ఉన్నాడంటే వార్డులోకి నడిచాడు. మంచానికి ఇద్దరు చొప్పున పడుకోబెట్టారు. సెలైను సీసాలు కిటికీ చువ్వలకు పాతచీర పేలికలతో కట్టి ఉన్నాయి. మూలమంచం మీద పదేళ్ళ హాస్టలు పిల్ల ఒకతి కళ్ళు లోపలికి పోయి, పెదాలు ఎండి, ఆయన చేతిలో ఫైలు చూసి డాక్టరనుకుంది.

"సార్, దాహం వేస్తోందండి," అంది.

పేర్రాజు చుట్టూ చూశాడు. అక్కడున్న ఆయాను పిలిచాడు. ఆవిడ వెళ్ళి గోడనున్న కొళాయి తిప్పి, స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చింది.

"ఎక్కడి నీళ్ళమ్మా అవి?"

"ట్యాంకు నీళ్ళేనండి," అంది ఆయా. "మంచివే. చల్ల అయితే ఇవ్వొద్దన్నారండి, అది చాలా చెడ్డదంట. నీళ్ళకేం భయం లేదండి."

ఆ పిల్ల అప్పటికే రెండు చేతులూ చాచింది. పేర్రాజు ముందుకు వెళ్ళి గ్లాసు లాక్కున్నాడు. కొంత నీరు ఆయన చొక్కా మీద ఒలికింది. ఏ అధికారంతో లాక్కున్నాడో ఆయనకు తెలియదు. ఆయాకు కూడా తెలియదు, అందుకే తెల్లబోయి చూస్తూ నిలబడింది. పిల్ల ఏడవడానికి ఓపిక లేక చేతులు దించుకుంది.

"కాచిన నీళ్ళు తెండి," అన్నాడు. "కాచి, చల్లార్చి. నేను ఇక్కడే ఉంటాను."

నీళ్ళు వచ్చేదాకా ఆయన ఆ మంచం దగ్గరే నిలబడ్డాడు. పిల్ల తాగింది. ఆయన చొక్కా ఆరిపోయింది. ఆసుపత్రిలో ఇంకా ఎన్నో కొళాయిలున్నాయి. ఊళ్ళో అంతకంటే ఎక్కువ ఉన్నాయి. ఆయనకు ఉన్నవి రెండు చేతులు. రసీదు మీద సంతకం సంగతి మరచిపోయి ఆటో ఎక్కాడు.

కేంద్రానికి వచ్చి, తిన్నగా కంప్యూటరు గదిలోకి వెళ్ళి, గాజుపెట్టె ఎత్తి పక్కన పెట్టాడు. ఎస్తేరు లేచి నిలబడింది.

"ఉత్తర్వులు వచ్చాయాండి?"

"రాలేదు," అన్నాడు పేర్రాజు. "ఆ వై ఎక్కడుందమ్మా? కళ్ళజోడు ఆటోలో వదిలేశాను."

ఎస్తేరు వేలు పెట్టి చూపించింది. పేర్రాజు వై కొట్టాడు. తెర మీద అక్షరాలు వానలా దిగడం మొదలుపెట్టాయి. అది ఆగకుండా పోతూ ఉంటే ఆయన పక్కకుర్చీలో కూర్చున్నాడు.

"ఇంకా ఏవైనా అడుగుతుందా?"

"అడగొచ్చండి."

"అడిగితే మీరే చెప్పేయండి. నాకు ఈ అలవాటు ఒక్కసారికి చాలు."

సాయంత్రానికి లెక్క తేలింది. ఎస్తేరు ఒక చెట్టుబొమ్మ గీయించి చూపించింది. హాస్టలు పిల్లల క్రిములు, జాలారిపేట క్రిములు, ట్యాంకు నీటిలో క్రిములు అన్నీ ఒకే కొమ్మకు కాసిన కాయలు. మంగాయమ్మ కుండలో పాలను తోడుపెట్టే మంచి జీవులు తప్ప మరొకటి లేదు. పేర్రాజు ఆ బొమ్మను కవరులో పెట్టలేదు, నోటు కట్టలేదు. చేత్తో పట్టుకుని కలెక్టరాఫీసుకు వెళ్ళి, వరండాలో కనపడిన మునిసిపల్ ఇంజనీరుకు ఇచ్చాడు. ఇంజనీరు గారు చాలాసేపు చూసి, "అయితే మా క్రిమే," అని ఒప్పుకున్నారు. ట్యాంకు మూశారు. కింద తవ్వి చూస్తే, ట్యాంకుకు నీళ్ళు తెచ్చే గొట్టం మురుగుకాలవలో మునిగి, పగిలి కనిపించింది.

రోగం వారం పది రోజుల్లో సద్దుమణిగింది. మూలమంచం పిల్ల హాస్టలుకు తిరిగి వెళ్ళింది. మంగాయమ్మకు బండి ఇచ్చారు గాని కుండ ఇవ్వలేదు. అది సాక్ష్యమట. ఆవిడ కొత్త కుండ కొనుక్కుంది. డైరెక్టరు గారికి పట్టణ ప్రముఖులు శాలువా కప్పారు, పొడిగింపు కూడా వచ్చింది. పేర్రాజుకు సస్పెన్షన్ ఉత్తర్వులు వచ్చాయి: 'పై అధికారుల ఆమోదం లేకుండా, గాజుపెట్టె తొలగించి, ప్రభుత్వ కంప్యూటరుకు లిఖితపూర్వకంగా అవునని తెలిపినందుకు.'

ఉత్తర్వును ఆయన ఆసాంతం చదివాడు. ఎక్కడా తప్పు కనపడలేదు. తాను రాసినా అలాగే రాసి ఉండేవాడు.

ఆ తరవాత నెలకు ప్రధాన కార్యాలయం ఒక సర్క్యులరు పంపింది. రేవుపాలెంలో సాధించిన అద్భుత ఫలితం దృష్ట్యా, రాష్ట్రంలోని ఇతర కేంద్రాలన్నీ అదే పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాలని అందులో ఉంది. ముందు తహసీల్దారు నిరాకరణ పొందవలెను. పది మొక్కలు నాటవలెను. కవరు తెరువక ఎండకు పెట్టవలెను. కీబోర్డుపై గాజుపెట్టె బోర్లించవలెను. తుదకు పరిపాలనాధికారి అవునని తెలుపవలెను, వెనువెంటనే వారిని సస్పెండు చేయవలెను.

ఎస్తేరు ఆ కాగితం తెచ్చి చూపించినప్పుడు పేర్రాజు గేటు బయట, మంగాయమ్మ బండి దగ్గర, వేపచెక్క బల్ల మీద కూర్చుని చల్ల తాగుతున్నాడు. సస్పెన్షన్‌లో ఉన్నవాడు ఆవరణలోకి రాకూడదు. గేటు బయట కూర్చోకూడదని రూలు లేదు. ఆయన చూసుకునే కూర్చున్నాడు.

"మీ దారిలో వెళితే మీలాంటి పదిమంది ఇంట్లో కూర్చుంటారండి," అంది ఎస్తేరు.

అంతలో పేర్రాజు ఫోను మోగింది. కొండలవైపు జిల్లాలో ఉన్న ఇంకో కేంద్రం పరిపాలనాధికారి. కొత్తవాడు. గొంతులో కంగారు వినపడుతోంది.

"పేర్రాజు గారాండి? సర్క్యులరు ప్రకారం అన్నీ పూర్తి చేశామండి. మొక్కలు కూడా బతికాయి. ఇప్పుడు యంత్రం ఆ ప్రశ్న వేసిందండి. ఇక్కడ గిరిజన హాస్టల్లో పిల్లలకి జ్వరాలండి, చాలామందికి. అవునంటాను, సస్పెండు అయినా ఫరవాలేదండి, అది సర్క్యులర్లోనే ఉంది. కానీ ఏ రూలు కింద అన్నానో ఫైల్లో రాయాలి కదండి. మీరు ఏ రూలు కింద అన్నారండి?"

పేర్రాజు గ్లాసు కింద పెట్టాడు. రూల్సు పుస్తకాలన్నీ, సవరణలతో సహా, ఒకసారి మనసులో తిరిగాయి.

"ఆసుపత్రిలో ఒక పిల్ల మంచినీళ్ళు అడిగిందండి," అన్నాడు.

అవతల కాగితం చప్పుడైంది. కలం మూత తీసిన చప్పుడైంది.

"ఆయ్, చెప్పండి, రాసుకుంటన్నాను," అన్నాడు కొత్త అధికారి. "అది ఎన్నో నంబరండి?"